క్వేజార్ కాంతిలో కనిపించే గీత ఫలానా గెలాక్సీ చుట్టూ ఉన్న గ్యాస్‌దే అని ఎలా చెప్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గెలాక్సీల చుట్టూ లక్షల కాంతి సంవత్సరాల మేర పల్చటి గ్యాస్ ఉంటుందని, అది దాదాపు కనపడదని, వెనకాల ఎంతో దూరంలో ఉన్న క్వేజార్ (భారీ బ్లాక్ హోల్‌లోకి పడే గ్యాస్ వల్ల విపరీతంగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు) కాంతిలో పడే శోషణ రేఖల్ని, అంటే గ్యాస్ కాంతిని మింగేసిన చోట పడే చీకటి గీతల్ని బట్టి దాన్ని కొలుస్తారని చదివారు. కానీ ఆ కాంతి వందల కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి, దారిలో ఎన్నిటినో దాటుకుని వచ్చింది కదా. గీత ఆ గెలాక్సీ దగ్గరే పడిందని, క్వేజార్ దగ్గరో మన పాలపుంతలోనో పడలేదని ఎలా తెలుస్తుంది? రెండో ప్రశ్న, ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టుగా ఇది చేయొచ్చా?

ముందు సూటిగా జవాబు. గీత ఏ మూలకానిది, ఏ రెడ్‌షిఫ్ట్ (విశ్వ వ్యాకోచం వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే అంకె, అది పెరిగే కొద్దీ దూరం పెరుగుతుంది) దగ్గర పడింది అన్నది చాలాసార్లు అనుమానానికి తావు లేకుండా చెప్పొచ్చు. అది ఫలానా గెలాక్సీకే చెందుతుందని మాత్రం ఒక్క గీతని చూసి ఖాయంగా చెప్పలేం. మొదటిది అటామిక్ ఫిజిక్స్. రెండోది సంభావ్యత మీద నడిచే వాదన. వార్తల్లో ఈ రెండిటినీ కలిపేసి రాస్తారు కాబట్టి మీకొచ్చిన అనుమానం న్యాయమైనదే. ప్రాజెక్టు సంగతంటారా, నిక్షేపంగా చేయొచ్చు. డేటా అంతా ఉచితం. వివరాలు చివర్లో రాస్తాను.

నా పీహెచ్‌డీ ఈ గీతల మీదే, ఇప్పుడు చేస్తున్న పనీ అదే. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అసలు ఇంత చుట్టుతిరుగుడు ఎందుకు, గ్యాస్‌నే నేరుగా ఫొటో తీయొచ్చు కదా అని మొదట అందరికీ అనిపిస్తుంది. ఈ గ్యాస్‌ని సర్కమ్‌గెలాక్టిక్ మీడియం అంటారు, మేం సీజీఎమ్ అని పిలుచుకుంటాం. ఇందులో చాలా భాగం లీటరుకి ఒక పరమాణువో, పది లీటర్లకి ఒకటో ఉండేంత పల్చన. గ్యాస్ తనంతట తాను వెలగాలంటే సాధారణంగా రెండు కణాలు ఒకదాన్నొకటి తగలాలి, కాబట్టి వెలుగు సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది. సాంద్రత వంద రెట్లు తగ్గితే వెలుగు పదివేల రెట్లు పడిపోతుంది. శోషణ అలా కాదు. అది సాంద్రతకి ఒక్కసారే అనులోమంగా ఉంటుంది, పైగా దారి పొడవుతో గుణించుకుంటూ పోతుంది. 3 లక్షల కాంతి సంవత్సరాల దారి అంటే సుమారు 3 × 10²³ సెంటీమీటర్లు. ఘనపు సెంటీమీటరులో పదివేలో వంతు పరమాణువే ఉందనుకున్నా, ఆ దారి మొత్తం మీద చదరపు సెంటీమీటరుకి 3 × 10¹⁹ పోగవుతాయి. దీన్నే కాలమ్ డెన్సిటీ అంటాం, మేం నిజంగా కొలిచేది దాన్నే. మంచి స్పెక్ట్రమ్ చేతిలో ఉంటే చదరపు సెంటీమీటరుకి 10¹² మెగ్నీషియం అయాన్లున్నా గీత కనపడుతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. గ్యాస్ ఎంత దూరంలో ఉందన్నదానితో శోషణకి పని లేదు. వెనకాల క్వేజార్ ఎంత ప్రకాశంగా ఉందన్నదే ముఖ్యం. పక్కింటి గెలాక్సీ అయినా 700 కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీ అయినా ఒకే సున్నితత్వంతో చూడొచ్చు. ఖగోళ శాస్త్రంలో ఇలాంటి వెసులుబాటు అరుదు.

పొగమంచులో ఎదురొచ్చే లారీ హెడ్‌లైటు పోలిక మీరూ చదివే ఉంటారు. నాకు అది సగమే నచ్చుతుంది. మంచు అన్ని రంగుల్నీ మసకబారుస్తుంది. ఈ గ్యాస్ దాదాపు పూర్తిగా పారదర్శకం. ఒక్కో అయాన్ తనకి సరిపోయే తరంగదైర్ఘ్యం దగ్గర మాత్రం చిన్న ముక్క మింగేస్తుంది, మిగతాదాన్ని ముట్టుకోదు. గీతని గుర్తుపట్టడం సాధ్యమయ్యేది అందువల్లే.

గీతని గుర్తుపట్టే పద్ధతి

ఉదాహరణకి రెడ్‌షిఫ్ట్ 1.2 ఉన్న ఒక క్వేజార్ స్పెక్ట్రమ్ మీ ముందుందనుకోండి. 4,200 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యం కొలత, సెంటీమీటరులో పది కోట్లో వంతు) దగ్గర కార్బన్‌ది, 6,160 దగ్గర మెగ్నీషియంది వెడల్పాటి గుట్టలు కనపడతాయి. అవి క్వేజార్ సొంత ఉద్గార రేఖలు. వాటి మధ్యలో నున్నగా సాగే చోట, 4,753.8 దగ్గర ఒకటి, 4,766.0 దగ్గర ఒకటి, సన్నటి గంట్లు రెండు ఉన్నాయి. మొదటిది కొంచెం లోతు, రెండోది కొంచెం తక్కువ.

ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న మెగ్నీషియం ప్రయోగశాలలో 2,796.35, 2,803.53 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర జంట గీతలిస్తుంది. విశ్వం వ్యాకోచించి తరంగాన్ని ఎంత సాగదీసినా రెండూ ఒకే నిష్పత్తిలో సాగుతాయి, కాబట్టి వాటి మధ్య నిష్పత్తి మారదు. 2,803.53ని 2,796.35తో భాగిస్తే 1.00257. మనకి దొరికిన 4,766.0ని 4,753.8తో భాగించినా అంతే వస్తుంది. మూడు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్ జంటకైతే ఆ నిష్పత్తి 1.0017, అదే స్థాయి సిలికాన్ జంటకి 1.0065. పొరపాటు పడే ఆస్కారం తక్కువ. ఇప్పుడు 4,753.8ని 2,796.35తో భాగిస్తే 1.7, అంటే గ్యాస్ రెడ్‌షిఫ్ట్ 0.7.

ఇక్కడితో ఆగిపోకూడదు. 0.7 నిజమైతే మిగతా గీతలు ఎక్కడ ఉండాలో ముందే చెప్పగలగాలి. ఇనుము గీత 2,600.17 అయితే అది 4,420.3 దగ్గర ఉండాలి. ఇంకో ఇనుము గీత 2,382.76, అది 4,050.7 దగ్గర. తటస్థ మెగ్నీషియం 2,852.96, అది 4,850 దగ్గర. వెళ్లి చూస్తే ఆ చోట్లలో గంట్లు ఉంటే కేసు ఖాయమైనట్టే. బలమైన వ్యవస్థల్లో సాధారణంగా ఉంటాయి కూడా.

జంటలో బలాల నిష్పత్తి కూడా చూడాలి. పల్చటి గ్యాస్ అయితే 2,796 గీత రెండోదానికి రెట్టింపు ఉంటుంది. గ్యాస్ చిక్కనయ్యే కొద్దీ రెండూ సమానమవుతాయి. అంటే రెట్టింపుకీ సమానానికీ మధ్యలో ఎక్కడో ఉండాలి. రెండో గీత మొదటిదానికంటే బలంగా కనిపిస్తే దాని మీద ఇంకేదో వచ్చి పడిందని అర్థం.

దొంగ గీతలు

మీ ప్రశ్నలో అసలు పదును ఇక్కడ ఉంది. గీతని పోలినవి చాలా చోట్ల నుంచి వస్తాయి.

మొదట మన నెత్తి మీది ఆకాశం. 5,577 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వాతావరణంలోని ఆక్సిజన్ ఇచ్చే ప్రకాశమైన గీత ఉంది. స్పెక్ట్రమ్ తయారుచేసేటప్పుడు దాన్ని తీసేస్తారు, కానీ సరిగ్గా పోదు. ఆ చోట ముళ్లలాంటి గంట్లు మిగిలిపోతాయి. పెద్ద సర్వేల్లో కంప్యూటర్ ప్రోగ్రామ్ వీటిని నిజమైన గీతలని నమ్మేస్తుంది. 7,600 దగ్గర గాల్లోని ఆక్సిజన్ చేసే పెద్ద శోషణ పట్టీ కూడా అంతే. నేను ఏ కొత్త జాబితా వచ్చినా ముందు, దొరికిన గీతలు ఏ తరంగదైర్ఘ్యాల దగ్గర పడ్డాయో లెక్కపెట్టి గ్రాఫ్ గీస్తాను. నిజమైన వ్యవస్థలైతే అన్ని చోట్లా చెదిరి ఉండాలి. 5,577 దగ్గర ఒక స్తంభం లేచిందంటే ఆ జాబితాని ఇంకా శుభ్రం చేయాలన్నమాట.

తర్వాత మన పాలపుంత. 3,934, 3,969 దగ్గర కాల్షియం, 5,890, 5,896 దగ్గర సోడియం. ఇవి రెడ్‌షిఫ్ట్ సున్నా దగ్గర, ప్రయోగశాల విలువల మీదే ఉంటాయి కాబట్టి తేలిగ్గా దొరికిపోతాయి.

మూడోది లైమన్-ఆల్ఫా అడవి. హైడ్రోజన్ గీత 1,215.67 ఆంగ్‌స్ట్రామ్‌లది. క్వేజార్ దగ్గర్నుంచి మన దాకా దారిలో ఉన్న ప్రతి హైడ్రోజన్ మేఘమూ ఒక్కో రెడ్‌షిఫ్ట్ దగ్గర ఈ గీతని ముద్రిస్తుంది. రోజర్ లిండ్స్ 1971లో గమనించి చెప్పింది దీని గురించే. ఎక్కువ రెడ్‌షిఫ్ట్ క్వేజార్లలో ఆ భాగం నిజంగానే అడవిలా ఉంటుంది. అక్కడ సంబంధం లేని రెండు హైడ్రోజన్ గీతలు కాకతాళీయంగా మెగ్నీషియం జంటలా కుదిరిపోతాయి. అందుకే లోహాల కోసం (హైడ్రోజన్, హీలియం కాని మూలకాలన్నిటినీ మేం లోహాలనే అంటాం) వెతికేవాళ్లు క్వేజార్ సొంత లైమన్-ఆల్ఫా గుట్టకి ఎరుపు వైపు మాత్రమే వెతకాలి.

ఇక క్వేజార్ సొంత గ్యాస్. ఇదే కాస్త ఇబ్బంది పెట్టేది. క్వేజార్ రెడ్‌షిఫ్ట్‌కి సెకనుకి 3,000 నుంచి 5,000 కిలోమీటర్ల లోపు వేగ తేడాతో ఉన్న గీతల్ని మామూలుగా లెక్కలోంచి తీసేస్తాం. కానీ కొన్ని క్వేజార్లు గ్యాస్‌ని కాంతి వేగంలో పదో వంతు వేగంతో కూడా బయటికి తోస్తాయి, అది ఈ గీటు దాటి వచ్చేస్తుంది. దాన్ని పట్టుకునే గుర్తులు రెండు ఉన్నాయి. ఒకటి, కొన్నేళ్ల తర్వాత మళ్లీ స్పెక్ట్రమ్ తీస్తే గీత బలం మారిపోతుంది. లక్ష కాంతి సంవత్సరాల మేఘం కొన్నేళ్లలో మారే అవకాశం లేదు. రెండోది నాకు చాలా ఇష్టమైన గుర్తు. జంట గీతలు రెండూ సమానంగా ఉన్నాయంటే గ్యాస్ చిక్కగా ఉందని, కాంతి మొత్తం మింగేసి అడుగు సున్నాకి తగలాలని అర్థం. బాగా విడగొట్టి తీసిన స్పెక్ట్రమ్‌లో కూడా అడుగు సున్నాకి తగలకుండా మధ్యలోనే చదునుగా ఆగిపోయిందంటే, ఆ మేఘం కాంతి మూలాన్ని పూర్తిగా కప్పట్లేదన్నమాట. క్వేజార్‌లో మనకి కాంతి పంపే చోటు కొన్ని కాంతి-రోజుల వెడల్పే ఉంటుంది. దాన్ని సగమే కప్పేంత చిన్న మేఘం సాధారణంగా క్వేజార్ పక్కనే ఉండాలి.

ఇవన్నీ దాటి నిలిచిన గీతకి రెడ్‌షిఫ్ట్ 0.7 అని ధైర్యంగా రాసుకోవచ్చు.

ఇక అది ఎవరిది?

క్వేజార్ల దూరాలు మార్టెన్ ష్మిట్ 1963లో 3సీ 273 అనే క్వేజార్ రెడ్‌షిఫ్ట్ 0.158 అని తేల్చడంతో బయటపడ్డాయి. తర్వాత కొన్నేళ్లకే శోషణ రేఖలు కూడా దొరికాయి. అవి దారిలో ఉన్న గెలాక్సీల విశాలమైన హేలోల్లో, అంటే వాటిని చుట్టుకుని ఉన్న గ్యాస్ ఆవరణల్లో, పడి ఉంటాయని జాన్ బాకాల్, లైమన్ స్పిట్జర్ 1969లో ప్రతిపాదించారు. స్పిట్జర్‌కి ఈ ఆలోచన కొత్తేం కాదు. మన పాలపుంత పళ్లేనికి పైన తేలుతున్న మేఘాలు చెదిరిపోకుండా ఉండాలంటే చుట్టూ వేడి గ్యాస్ ఒత్తిడి ఉండాలని 1956లోనే రాశాడు. కానీ శోషణ రేఖ రెడ్‌షిఫ్ట్ దగ్గరే నిజంగా ఒక గెలాక్సీ ఉందని చూపించడానికి 1986 దాకా పట్టింది. ఫ్రాన్స్‌కి చెందిన జాక్లీన్ బెర్జరాన్ పీకేఎస్ 2128-12 అనే క్వేజార్ పక్కన, మెగ్నీషియం గీత ఉన్న రెడ్‌షిఫ్ట్ దగ్గరే ఒక గెలాక్సీని పట్టుకుంది.

ఎందుకంత ఆలస్యం? 0.7 రెడ్‌షిఫ్ట్ దగ్గర ఒక ఆర్క్‌సెకండ్ (ఆకాశంలో డిగ్రీలో 3,600వ వంతు) అంటే దాదాపు 23,000 కాంతి సంవత్సరాలు. గెలాక్సీ 2.3 లక్షల కాంతి సంవత్సరాల పక్కన ఉన్నా ఆకాశంలో క్వేజార్‌కి 10 ఆర్క్‌సెకండ్ల దూరంలోనే ఉంటుంది. మసగ్గా ఉంటుంది, పక్కనే క్వేజార్ వెలుగు చెదిరి పడుతుంటుంది. ఇంకా దగ్గరగా ఉన్న చిన్న గెలాక్సీ అయితే ఆ వెలుగులోనే మునిగిపోతుంది. ఫొటోలో చుక్క కనపడితే చాలదు, దాని స్పెక్ట్రమ్ కూడా తీయాలి. మన ఉదాహరణలో గెలాక్సీ ఆక్సిజన్ ఉద్గార రేఖ 3,727 ఆంగ్‌స్ట్రామ్‌లది, సుమారు 6,340 దగ్గర కనపడితేనే అది 0.7 దగ్గర ఉన్నట్టు.

కనపడిందే అనుకుందాం. గ్యాస్‌కీ గెలాక్సీకీ మధ్య వేగం తేడా సెకనుకి 300 కిలోమీటర్లు. పేపర్లలో దీన్ని జోడీగా రాసేస్తారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ 300 కిలోమీటర్లు గెలాక్సీ గురుత్వంలో గ్యాస్ తిరుగుతున్న వేగం కావచ్చు. లేదా గ్యాస్ గెలాక్సీకి ముందో వెనకో దూరంగా ఉంది, తేడా విశ్వ వ్యాకోచం వల్ల వచ్చింది కావచ్చు. రెడ్‌షిఫ్ట్ 0.7 నాటి వ్యాకోచ వేగంతో లెక్కేస్తే 300 కిలోమీటర్లు అంటే సుమారు 95 లక్షల కాంతి సంవత్సరాలు. గెలాక్సీ హేలో వ్యాసార్థం దాంట్లో పదో వంతు కూడా ఉండదు. మనం కొలిచేది చూపు దిశలో వేగాన్ని మాత్రమే, దూరాన్ని కాదు. ఈ మెలికని ఏ టెలిస్కోపూ విప్పలేదు.

మరి ఏం చేస్తాం? గెలాక్సీ క్వేజార్ చూపురేఖకి ఎంత దగ్గరగా ఉంటే గీత అంత తరచుగా, అంత బలంగా దొరుకుతోందా అని వందల, వేల జోడీల్లో చూస్తాం. దొరుకుతోంది. దగ్గరికి వచ్చే కొద్దీ మెగ్నీషియం గీత దొరికే అవకాశం పెరుగుతుంది, ఎడం పెరిగితే పడిపోతుంది. గ్యాస్‌కీ గెలాక్సీలకీ సంబంధం లేకపోతే ఈ తీరు కనపడకూడదు. కాబట్టి మొత్తంగా చూస్తే గ్యాస్ గెలాక్సీలదే. ఈ ఒక్క గీత ఈ ఒక్క గెలాక్సీదా అంటే, ఎంత సంభావ్యతో చెప్పగలం, అంతే.

నా దగ్గరున్న ఒక క్షేత్రంలో గీత రెడ్‌షిఫ్ట్ దగ్గరే రెండు గెలాక్సీలు ఉన్నాయి. ఒకటి పెద్దది, కాస్త ఎడంగా. ఇంకోటి చిన్నది, చూపురేఖకి బాగా దగ్గరగా. గ్యాస్ చిన్నదాని నుంచి ఎగజిమ్మినదా, పెద్దదాని హేలోలోదా, రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటుంటే మధ్యలో చెదిరిందా? పట్టికలో ఇద్దరి పేర్లూ రాశాం. మా పేపర్‌ని పరిశీలించిన రిఫరీ ఒక్కటే ఎంచుకోమన్నాడు, మేం ఒప్పుకోలేదు. చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపు మీద 2014 నుంచి పనిచేస్తున్న మ్యూజ్ పరికరం ఒక ఆర్క్‌మినిట్ చదరంలో ప్రతి బిందువుకీ స్పెక్ట్రమ్ తీస్తుంది. అది వచ్చాక ఇలాంటి కేసులు వింతేమీ కాదని తేలింది. ఒంటరి గెలాక్సీ అనుకున్న చోట నాలుగైదు గెలాక్సీల గుంపు బయటపడుతుంటుంది. అంతకు ముందు పేపర్లలో ఉన్న జోడీల్ని చదివేటప్పుడు, వాళ్లు చుట్టూ ఎంత మసక గెలాక్సీల దాకా వెతికారో చూసి గానీ నమ్మకండి.

ఆండ్రోమెడా మాత్రం దీనికి చక్కటి మినహాయింపు. మామూలుగా ఒక గెలాక్సీ వెనక ఒక్క క్వేజార్ దొరికితే గొప్ప. ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది కాబట్టి దాని హేలో ఆకాశంలో చాలా మేర పరుచుకుని ఉంటుంది, వెనకాల బోలెడు క్వేజార్లు పడతాయి. 2020లో నికొలస్ లెనర్ బృందం హబుల్ టెలిస్కోపుతో 43 క్వేజార్ల కాంతిని చూసి, ఆ గ్యాస్ 13 లక్షల కాంతి సంవత్సరాల దాకా, కొన్ని దిశల్లో 20 లక్షల దాకా ఉందని చెప్పింది. సగటు మీద ఆధారపడకుండా ఒకే గెలాక్సీ హేలోని ఇన్ని చోట్ల తడిమి చూసిన పని ఇది. అక్కడ కూడా మన పాలపుంత గ్యాస్, దగ్గర్లోని మెగల్లానిక్ ప్రవాహం (పక్కనున్న చిన్న గెలాక్సీల నుంచి ఊడివచ్చిన తోక) గ్యాస్ ఇంచుమించు ఆ వేగాల్లోనే అడ్డం వస్తాయి, వాటిని విడదీయడం పెద్ద తలనొప్పి.

హబుల్ ఎందుకు కావాలి

భూమి వాతావరణం సుమారు 3,000 ఆంగ్‌స్ట్రామ్‌ల కింద కాంతిని రానివ్వదు. లైమన్-ఆల్ఫా 1,216 దగ్గర ఉంది కాబట్టి రెడ్‌షిఫ్ట్ దాదాపు 1.6 దాటితే గానీ నేల మీది టెలిస్కోపుకి అందదు. మన ఉదాహరణలో హైడ్రోజన్ గీత 2,067 దగ్గర పడుతుంది. అంటే నేల మీంచి మెగ్నీషియం ఎంతుందో కొలవగలం గానీ, అక్కడ హైడ్రోజన్ ఎంతో తెలియదు. హైడ్రోజన్ తెలియకుండా గ్యాస్ బరువు గానీ, దాంట్లో లోహాల శాతం గానీ చెప్పడానికి లేదు.

2009 మేలో వ్యోమగాములు హబుల్‌లో కాస్మిక్ ఆరిజిన్స్ స్పెక్ట్రోగ్రాఫ్ అమర్చాక ఈ రంగం దశ తిరిగింది. దాంతో చేసిన కాస్-హేలోస్ సర్వే రెడ్‌షిఫ్ట్ 0.2 చుట్టుపక్కల ఉన్న 44 గెలాక్సీల్ని తీసుకుంది. వీటిని ముందే ఎంచుకుని, తర్వాత గీతలు వెతికారన్నది ముఖ్యం. గీత దొరికాక గెలాక్సీ కోసం వెతికితే గ్యాస్ లేని గెలాక్సీలు లెక్కలోకే రావు. 2011లో జేసన్ టమ్లిన్‌సన్ బృందం చెప్పిన ఫలితం ఏమిటంటే, నక్షత్రాలు పుట్టిస్తున్న గెలాక్సీల చుట్టూ ఐదు ఎలక్ట్రాన్లు పోయిన ఆక్సిజన్ దాదాపు ప్రతిచోటా ఉంది, పుట్టించడం ఆపేసిన వాటి చుట్టూ చాలా తక్కువ. ఒక్కో గెలాక్సీ చుట్టూ ఉన్న మొత్తం ఆక్సిజన్ కనీసం కోటి సూర్యుల ద్రవ్యరాశి. ఆక్సిజన్ నక్షత్రాల కడుపులో తయారయ్యేది, కాబట్టి గెలాక్సీ తనలో పుట్టిన సరుకుని ఎంత దూరం విసిరేస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది. వింతేమిటంటే, నక్షత్రాలు పుట్టించడం ఆపేసిన గెలాక్సీల చుట్టూ కూడా చల్లటి హైడ్రోజన్ ఉంది. ఇంధనం ఉండీ పొయ్యి ఎందుకు ఆరిందన్నది ఇంకా తెగలేదు.

ఈ గ్యాస్ మీద మాకింత ఆసక్తి ఉండటానికి కారణం కూడా ఇంధనమే. మన పాలపుంత ఏటా ఒకటి రెండు సూర్యుల బరువు నక్షత్రాల్ని పుట్టిస్తోంది. పళ్లెంలో ఉన్న గ్యాస్ మాత్రమే దిక్కయితే కొన్ని వందల కోట్ల ఏళ్లలో ఖాళీ అయిపోవాలి. బయట్నుంచి ఎక్కణ్నుంచో వస్తూ ఉండాలి కదా.

ఇక్కడ ఒక హెచ్చరిక. మేం లెక్కపెట్టగలిగేది గీతలిచ్చే అయాన్లని మాత్రమే. ఈ గ్యాస్‌లో హైడ్రోజన్ చాలా మటుకు అయనీకరణం చెందిపోయి ఉంటుంది, విడి ప్రోటాన్ గీత ఇవ్వదు. కనపడే కొంచెం నుంచి మొత్తం ఎంతో తేల్చాలంటే క్లౌడీ లాంటి ప్రోగ్రామ్‌తో మోడల్ కట్టాలి. దానికి అక్కడ అతినీలలోహిత కాంతి ఎంతుందో ముందే ఊహించి ఇవ్వాలి. ఆ నేపథ్య కాంతికి ఇప్పుడు చాలామంది వాడే మోడల్స్‌లో ఒకటి విక్రమ్ ఖైరే, శ్రీఆనంద్ 2019లో ఇచ్చింది. ఇన్‌పుట్ మోడల్ మారిస్తే లోహాల శాతం మారిపోతుంది. ఐదు ఎలక్ట్రాన్లు పోయిన ఆ ఆక్సిజన్ సంగతీ అంతే. అది 3 లక్షల డిగ్రీల వేడి గ్యాస్ నుంచి రావచ్చు, మరీ పల్చగా ఉండి బయటి కాంతికే అయనీకరణం చెందిన చల్లటి గ్యాస్ నుంచీ రావచ్చు. ఏది ఎంత అని ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఏ పేపర్లోనైనా కాలమ్ డెన్సిటీ కొలత, ద్రవ్యరాశి మాత్రం అంచనా అని గుర్తుంచుకుని చదవండి.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. కెక్ టెలిస్కోపు మీద కేసీడబ్ల్యూఐ, వీఎల్‌టీ మీద మ్యూజ్ ఇప్పుడు ఈ గ్యాస్‌లో చిక్కటి భాగాల వెలుగుని నేరుగా పటం గీస్తున్నాయి. ఎక్స్-రేలు మరీ వేడి గ్యాస్‌ని చూపిస్తాయి. మన దేశంలో పుణెలోని అయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థ ఈ శోషణ రేఖల పనికి పెద్ద కేంద్రం. అక్కడి శ్రీఆనంద్, ఆయనతో పెటిజాన్, లెడూ 2000లో ఒక క్వేజార్ దారిలో రెడ్‌షిఫ్ట్ 2.34 దగ్గరున్న గ్యాస్‌లో కార్బన్ గీతల్ని చూసి, అప్పటి విశ్వ నేపథ్య వికిరణం (బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలిన వికిరణం) ఉష్ణోగ్రత 6 నుంచి 14 కెల్విన్ మధ్య ఉందని తేల్చారు. సిద్ధాంతం చెప్పేది సుమారు 9.1. గీతల్లో ఎంత సమాచారం దాగి ఉంటుందో చెప్పడానికి నేను ఎప్పుడూ చూపించేది దీన్నే. దక్షిణాఫ్రికాలోని మీర్‌క్యాట్ రేడియో టెలిస్కోపుతో నడుస్తున్న శోషణ రేఖల సర్వేకి కూడా అయూకాకి చెందిన నీరజ్ గుప్తాయే నాయకత్వం వహిస్తున్నారు.

మీ ప్రాజెక్టు

టెలిస్కోపు టైమ్ అక్కర్లేదు. స్లోన్ డిజిటల్ స్కై సర్వే స్పెక్ట్రాలు లక్షల్లో ఉన్నాయి, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. డెసీ అనే ఇంకో పెద్ద సర్వే మొదటి పెద్ద డేటా విడుదల 2025 మార్చిలో వచ్చింది. బాగా విడగొట్టి తీసిన స్పెక్ట్రా కావాలంటే వీఎల్‌టీ వాళ్ల స్క్వాడ్ సంకలనంలో 467 క్వేజార్లు సిద్ధంగా ఉన్నాయి, కెక్ వాళ్ల కోడియాక్ ఉంది. పైథాన్ ప్రోగ్రామింగ్, దాంట్లో ఆస్ట్రోపై, లైన్‌టూల్స్ అనే ప్యాకేజీలు నేర్చుకుంటే పని జరుగుతుంది.

ఒక్క సెమిస్టర్‌లో అయ్యే పని ఒకటి చెప్తాను. స్లోన్ క్వేజార్లలో రెడ్‌షిఫ్ట్ 0.4 నుంచి 0.8 మధ్య మెగ్నీషియం జంటలు వెతకండి. ఆ క్వేజార్ల చుట్టూ 20, 30 ఆర్క్‌సెకండ్లలో ఎన్ని గెలాక్సీలున్నాయో డెసీ లెగసీ సర్వే ఫొటోల్లో లెక్కపెట్టండి. రంగుల్ని బట్టి అంచనా వేసిన గెలాక్సీ రెడ్‌షిఫ్ట్‌లు కూడా దొరుకుతాయి, కానీ వాటితో జోడీలు కట్టేయకండి. వాటిలో 0.05 తప్పు మామూలే. రెడ్‌షిఫ్ట్ 0.7 దగ్గర అది సెకనుకి దాదాపు 9,000 కిలోమీటర్ల తేడా, పైన మనం అనుమానించిన 300 దాని ముందు ఏ మూలకి? అందుకని అదే రెడ్‌షిఫ్ట్, అదే ప్రకాశం ఉండి, గీత లేని క్వేజార్లని ఇంకో గుంపుగా తీసుకుని వాటి చుట్టూ కూడా లెక్కపెట్టండి. రెండు గుంపుల మధ్య తేడానే మీ ఫలితం. ఏ గెలాక్సీ ఎవరిదో తెలియకపోయినా, గీతలున్న చోట్ల గెలాక్సీలు ఎంత ఎక్కువున్నాయో, ఎంత దూరం దాకా ఎక్కువున్నాయో తెలుస్తుంది.

చేసేటప్పుడు ఇబ్బంది పెట్టేది కంటిన్యూయమ్, అంటే గీత లేకపోతే క్వేజార్ కాంతి ఎక్కడ ఉండేదో ఊహించి గీసే వంపు. బలహీనమైన గీతల్లో తప్పు చాలావరకు అక్కడ్నుంచే వస్తుంది. నేను ఒకసారి గీసి పక్కన పెట్టి, కొన్ని రోజుల తర్వాత పాతది చూడకుండా మళ్లీ గీస్తాను. రెండిటి మధ్య తేడాని ఎర్రర్‌లో కలుపుతాను. ఆటోమేటిక్‌గా గీసినా సరే, ఒక యాభై స్పెక్ట్రాలు మీ కళ్లతో చూడండి.

గీత దొరకని క్వేజార్లని మాత్రం పారేయకండి. ప్రతిదానికీ ఆ చోట నాయిస్ ఎంతుందో చూసి, ఇంతకంటే బలమైన గీత ఉంటే కచ్చితంగా కనపడేది అని ఒక గరిష్ఠ పరిమితి రాసుకోండి. ఒక స్పెక్ట్రమ్‌లో నాయిస్ ఎక్కువై గీత కనపడకపోవడం వేరు, శుభ్రమైన స్పెక్ట్రమ్‌లో గీత లేకపోవడం వేరు. ఈ రెండిటినీ ఒకే గుంపులో వేస్తే మీ రెండో గుంపు పాడవుతుంది. వైవాలో మొదటి ప్రశ్న కూడా దీని మీదే వస్తుంది. కోడ్ రాయడం మొదలుపెట్టాక ఎక్కడైనా ఆగిపోతే స్పెక్ట్రమ్ పేరు, మీరు చూసిన తరంగదైర్ఘ్యాలు ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.